పిడికెడు గోధుమపిండి

ఈ ఏడాది మేష్టారు రాలేదు.

దసరా దరిదాపుల్లో ఆయనకి ఒక ఉపవాసం రోజు వస్తుంది. దానికి ముందురోజు పొద్దున తొమ్మిదింటికల్లా గుడివాడలో మా గేటు గడియ చప్పుడయ్యేది. పద్దెనిమిదేళ్లలో ఒక్క ఏడూ తప్పలేదు. కరోనా ఏడు కూడా ముక్కుకి తువ్వాలు కట్టుకుని, గేటు బయటే నిలబడి, తన మాట తను చెప్పేసి వెళ్లారు. అలాంటిది ఈసారి తొమ్మిదైంది, పదైంది, పదకొండైంది. నేను వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాను గానీ ఒక్క ముక్క చదివితే ఒట్టు. పన్నెండు దాటాక పేపరు మడిచి లోపలికెళ్లాను. నిజం చెప్తున్నాను, నాకు హాయిగా అనిపించింది. పీడ వదిలిందనుకున్నాను.

మా ఆవిడ మాత్రం అన్నం వడ్డిస్తూ ఫోన్ చేసి కనుక్కోమంది. చేద్దాంలే అన్నాను. మర్నాడూ అంది, చేద్దాంలే అన్నాను. మూడో రోజున ఇక నాతో లాభం లేదని తనే చేసింది. ఆయన జూన్‌లో, బడులు తెరిచిన వారంలోనే పోయారట. గుండె నొప్పి అన్నారట, అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందట. నేను వరండాలో కూర్చుని ఆయన రానందుకు సంబరపడ్డ రోజుకి, ఆయన మట్టిలో కలిసి మూడు నెలలు దాటింది.

విషయం ముందే చెప్పేస్తాను. డొంకతిరుగుడు నాకు బాగా వచ్చు, ముప్పయ్యేళ్లుగా చర్చిల్లో ప్రసంగాలు చేస్తున్నవాణ్ణి. ఆయనకి నేను ఒక అన్యాయం చేశాను. నలుగురిలో, మైకు పట్టుకుని చేశాను. దానికి ఆయన్ని క్షమించమని అడగాలి. ఏటా ఆయనే వచ్చి మా గుమ్మంలో నిలబడ్డా అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేరు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు కనపడేది మొహం కాదు, ఎడమ చెవి. కుడి చెవి బొత్తిగా వినపడదు. ఎవరు మాట్లాడినా మెడ కొంచెం కుడికి తిప్పి, ఎడమ చెవి మనకి అప్పగించి, కళ్లు ఎటో పెట్టి వినేవారు. రోడ్డు మీద నడుస్తుంటే మనల్ని చెయ్యిపట్టి తన ఎడమ పక్కకి తెచ్చుకునేవారు. బందరులో ఒక చర్చి వెనక రేకుల షెడ్డులో శనివారం మధ్యాహ్నాలు మాకు బైబిలు క్లాసు చెప్పేటప్పుడు, బెంచీలన్నీ ఎడమ గోడకి జరిపించేవారు. కొత్తగా వచ్చినవాడు తెలియక కుడి పక్క కూర్చుని పిలిస్తే, గంటైనా అలా పిలుస్తూ ఉండాల్సిందే.

దివిసీమలో ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూలు మేష్టారు ఆయన. వారమంతా అక్కడ పిల్లల చేత అఆలు దిద్దించి, శనివారం ఒంటిపూట బడి కాగానే బస్సెక్కి మా కోసం వచ్చేవారు. ఆ అఆల ఓపికే మా దగ్గరా ఉండేది. ఎవర్నీ నువ్వు అనరు. మూతి మీద మీసం సరిగ్గా రాని నన్ను కూడా "మీరేమంటారండీ?" అని అడిగేవారు. నన్ను అలా అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆ ఒక్క "అండీ"తో నేను ఆయనకి సగం శిష్యుణ్ణయిపోయాను.

మోషే ధర్మశాస్త్రంలో బలుల భాగం ఎవరూ చెప్పరు. కొవ్వు, మూత్రపిండాలు, నెత్తురు ఎక్కడ చల్లాలి, ఎక్కడ పొయ్యాలి, అంతా అదే. మిగతా పంతుళ్లు దాన్ని దాటేసి వెళ్లిపోయేవాళ్లు. ఈయన మాత్రం నెలల తరబడి అందులోనే ఉండేవారు, చేపల బజారులో మంచి చేప కోసం తిరిగేవాడిలాగ. ఒక శనివారం జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పారు. అందులో పిడికెడు గోధుమపిండి.

పాపం చేసినవాడు గొర్రెనో మేకనో తేవాలి, అంత శక్తి లేకపోతే రెండు పావురాలు తేవాలి. ఆ పావురాలకి కూడా గతి లేనివాడు కాస్త గోధుమపిండి తెస్తే చాలు, యాజకుడు అందులోంచి పిడికెడు తీసి కాలుస్తాడు, వాడి పాపం పోతుంది. ఇది అందులోనే రాసి ఉంది, మీరంతా ఇంటికెళ్లి చూసుకోండి అన్నారు. అని ఆ పిండిని వేలితో అటూ ఇటూ కదిపి అడిగారు: "ఇందులో నెత్తురెక్కడుందండీ?"

రక్తం చిందకపోతే క్షమాపణ లేదనేది మాకు ఉగ్గుపాలతో పోసిన మాట. మా సిలువంతా దాని మీద నిలబడింది. నేను లేచి ఆ మాటే అన్నాను, అపొస్తలుల పత్రికల్లో, అంటే ఉత్తరాల్లో, ఏ అధ్యాయంలో ఉందో కూడా చెప్పాను. మెడ తిప్పి బుద్ధిగా విన్నారు. "మీరన్నదీ పుస్తకంలో ఉంది, నేనన్నదీ అదే పుస్తకంలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని పడుకోండి. నిద్ర పట్టకపోతే ఇంకా మంచిది" అన్నారు. అప్పటికి ఆయన ఇంకా మావాడే. ఆదివారం చర్చిలో మాతో పాటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లలో చెయ్యి వేసేవారు. ఆయనకి మాత్రం నిద్ర పట్టడం లేదని మాకు అర్థం కాలేదు.

ఆ పిండి పొట్లం గురించి తర్వాత ఇంకో మాట చెప్పారు. వరిచేల మధ్య పుట్టిన ఆయన గోధుమపిండి మొదటిసారి చూసింది ఉప్పెన తర్వాతట. రిలీఫ్ లారీల్లో మూటలొచ్చాయి. రొట్టె చెయ్యడం ఎవరికీ రాదు. ఊళ్లో మిగిలిన పదిళ్ల వాళ్లూ దాన్ని జావ కాచుకుని తాగారట. బతికినవాళ్ల తిండి అండీ అది అనేవారు.

తర్వాత యెషయా ప్రవక్త దగ్గరికి వచ్చాం. అక్కడ ఒక సేవకుడున్నాడు. అందరి దెబ్బలూ తను తిని, వధకి తెచ్చిన గొర్రెపిల్లలా నోరు మెదపనివాడు. అది యేసుక్రీస్తే అని మాకు పాలు తాగే పిల్లాడు కూడా చెప్తాడు. యూదులు అలా అనుకోరట. ఆ సేవకుడు ఒక మనిషి కాదు, ఇశ్రాయేలు జాతి మొత్తం అంటారట. ముందు అధ్యాయాల్లో దేవుడు ఆ జాతినే నా సేవకుడా అని పేరు పెట్టి పిలిచాడు కదా, ఇక్కడికొచ్చేసరికి మనిషిని మార్చేస్తాడా అని వాళ్ల వాదన. ఆయన ఇది చెప్తుంటే నేను ఊరుకోలేకపోయాను. ఆ సేవకుడు నా జనం పాపం కోసం చనిపోయాడని ఉంది కదండీ, జనమే సేవకుడైతే జనం కోసం జనం ఎలా చనిపోతారు అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. మంచి ప్రశ్న అన్నారు. చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నారు, నా పేరుతో సహా. వారం తిరిగేసరికి జవాబు తెచ్చారు: ఆ మాటలు అంటున్నది పరాయి రాజులట, తాము చితకబాదిన జాతిని చూసి వాళ్లే ఆశ్చర్యపోతున్నారట. నేను ఒప్పుకోలేదు. ఈరోజుకీ ఒప్పుకోను. కానీ ఆ వారమంతా ఒక మనిషి నా ప్రశ్నని జేబులో పెట్టుకుని తిరిగాడన్న సంగతి మర్చిపోలేను.

అప్పుడే ఆయన ఇంకో మాట కూడా అన్నారు. ఆ సేవకుణ్ణి చూసి జనం మొహం తిప్పుకున్నారని రాసి ఉంది కదా, "అలా తిప్పుకున్న మొహాలు నాకు తెలుసండీ. మా పేటలో పుట్టిన ఎవరికైనా తెలుసు. అందుకే అది ఒక్క మనిషి గురించేనంటే నాకు నమ్మబుద్ధి కాదు" అన్నారు. నేనూ ఆ పేటల వాణ్ణే. మా తాత చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన వీధి గుడివాడ పక్కన ఇప్పటికీ ఉంది. దానికి మాత్రం నా దగ్గర వచనం దొరకలేదు.

ఒక ఏడు శనివారం పాఠాలు మానేశారు. కారణం శనివారమే. అది తనకి విశ్రాంతిదినమట, బస్సు ఎక్కరట. ఇక ఆదివారం చర్చికి రావడమూ మానేసి, యూదుల మతంలోకి వెళ్లిపోయారు. వాళ్ల ఊళ్లో ఐదారు కుటుంబాలు ఆయనతో కలిశాయి. శుక్రవారం పొద్దుగూకే వేళ ఇంట్లో రెండు కొవ్వొత్తులు వెలిగించడం, తల మీద చిన్న టోపీ పెట్టుకోవడం మొదలెట్టారు. టోపీ వాళ్లావిడే కుట్టారు, పాత కండువా గుడ్డతో. మావాళ్లు ఆయనకి "శనివారం మేష్టారు" అని పేరు పెట్టి నవ్వుకున్నారు.

అన్నిటికన్నా ఎక్కువ నవ్వింది తిండి గురించి. రొయ్య తినరు, పీత తినరు. దివిసీమలో పుట్టి రొయ్య తిననివాణ్ణి ఎవరైనా చూశారా? మా వైపు బంటుమిల్లి దాకా ఎటు చూసినా రొయ్యల చెరువులే. పెళ్లి భోజనాల్లో ఆయన పంక్తికొచ్చేసరికి వడ్డించేవాళ్లు కావాలని రొయ్యల వేపుడు గరిటె ఆకు మీద ఆడించేవాళ్లు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "రొయ్య నన్నేమీ అనలేదు, నేనూ దాన్నేమీ అనను" అనేవారు. బందరు చేపల బజారులో చేపని తిరగేసి పొలుసులున్నాయా లేదా అని గోటితో గీకి చూసేవారు, పొలుసు లేని చేప వాళ్లకి పనికిరాదు. జెల్లలమ్మే ఆవిడ ఆయన్ని చూడగానే "పోవయ్యా, నీ బేరం నా దగ్గర లేదు" అని ముందే చెప్పేసేది.

దేవుడు పంపుతానన్న రక్షకుడు మెస్సీయ సంగతి ఎత్తితే ఆయన బస్సు సంగతి ఎత్తేవారు. బందరు బస్టాండులో నిలబడి ఉండగా నేనే ఒకసారి కదిలించాను, మెస్సీయ వచ్చి రెండువేల ఏళ్లైంది, మీరింకా ఎదురు చూస్తున్నారేంటండీ అని. ఆయన ఎడమ చెవితో విని, నన్ను పైనుంచి కింద దాకా చూశారు. "బస్సు వచ్చేసిందంటున్నారు. మరి మీరింకా నాతో పాటు స్టాండులోనే ఉన్నారే?" అన్నారు. కత్తులు నాగళ్లయ్యే రోజు, తోడేలు గొర్రెపిల్ల పక్కన పడుకునే రోజు ఇంకా రాలేదు కదా అని ఆయన భావం. మళ్లీ వస్తుందండీ, అదే బస్సు అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అవనిగడ్డ బస్సు మాత్రం ఆ రోజు నిజంగానే గంటన్నర ఆలస్యంగా వచ్చింది.

ఆ బస్సులోనే చెప్పారు. చల్లపల్లి దాటాక వాన పట్టుకుంది. కిటికీ షట్టరు దిగలేదు. ఆయన కిటికీ పక్కన, నేను ఆయన ఎడమ పక్కన. జల్లు కుడి చెవి మీద కొడుతుంటే తుడుచుకోలేదు. ఈ చెవి ఎలా పోయిందో మీకెప్పుడూ చెప్పలేదు కదా అన్నారు.

ఉప్పెన నాటికి ఆయనకి ఇరవై, చెల్లెలికి ఎనిమిది. నీళ్లు ఇంటి కప్పు దాకా వచ్చేసరికి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తుమ్మచెట్టు ఎక్కబోయారు. ఒక చేత్తో కొమ్మ, ఒక చేత్తో పిల్ల. ముళ్లు దిగబడుతున్నా కొమ్మ వదల్లేదు. కొట్టుకొచ్చిన దూలం ఒకటి తల కుడి పక్క తగిలింది. కళ్లు తెరిచేసరికి కొమ్మ చేతిలో ఉంది, చెల్లెలి చెయ్యి లేదు. ఏ చెయ్యి వదలాలో నాకెవరూ చెప్పలేదండీ అన్నారు. ఇన్నేళ్లు మీ సిలువ కింద మోకరించి అడిగాను, రక్తంలో కడిగేశాడన్నారు, కడిగినట్టు నాకు తెలియలేదు. ఇప్పుడు రోజూ ఆ పిల్ల పేరు తలుచుకుని, బడిలో ఆ వయసు ఆడపిల్లలకి పలక కొనిస్తున్నాను, అదే నా పిండి అన్నారు.

నేను ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. కానీ ప్రసంగాలు చేసేవాళ్లకి ఒక మాయరోగం ఉంటుంది. ఎవరి కన్నీళ్లు చూసినా, ఇది ఏ ప్రసంగంలో ఉదాహరణకి పనికొస్తుందా అని లోపల ఒకడు పెన్ను పట్టుకుని కూర్చుంటాడు. మాలో సాక్ష్యం అనేది అందరి సొత్తు. తాగుడు మానినవాడి కథ, చావుదాకా వెళ్లొచ్చినవాడి కథ, ఎవరు ఎవరికి చెప్పినా వచ్చే ఆదివారం స్టేజీ ఎక్కాల్సిందే. చెప్పినవాణ్ణి అడగాలని మాకు తట్టనే తట్టదు. ఆ వానలో ఏడుస్తూ ఏడుస్తూనే నేను ఆయన చెల్లెల్ని దాచుకున్నాను.

ఆ తర్వాతి ఏడే గుడివాడలో సభ పెట్టారు. మెస్సీయ వచ్చాడా, రాబోతున్నాడా అని చర్చ. యువకుల సంఘం వాళ్లు ఆయన్ని పిలిచారు, ఎదురు నన్ను నిలబెట్టారు. శిష్యుడే గురువుని ఓడిస్తే చూడాలని వాళ్ల సరదా. నాకూ సరదాగానే ఉంది, అబద్ధమెందుకు. కాలేజీ గ్రౌండులో షామియానా, రెండు వైపులా మైకులు, జనం కిటకిట. నన్ను ఆయన కుడి పక్కన కూర్చోబెట్టారు. అటు వద్దు, ఆయనకి వినపడదని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు.

గంటసేపు ఆయన నన్ను ఒక ఆట ఆడించారు. ప్రతి వచనానికీ ముందువెనకలు చెప్పారు. నేను కన్యక గర్భవతి అవుతుందన్న వచనం ఎత్తితే ఆయన హీబ్రూలో ఆ కన్యక అన్న మాటకి అసలు అర్థం పడుచుపిల్ల అన్నారు. నేను గొర్రెపిల్ల అంటే ఆయన పిడికెడు పిండి అన్నారు. యూదుల గుడి కూలిపోయాక బలులే లేవు, పశ్చాత్తాపం, ప్రార్థన, దానం ఇవే మిగిలాయి, ఇవి చాలని ప్రవక్తలే చెప్పారు అన్నారు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరసలో మావాళ్ల మొహాలు మాడిపోయాయి. అప్పుడు లోపల పెన్ను పట్టుకున్నవాడు లేచాడు.

"ఉప్పెనలో మీ చెల్లెలి చెయ్యి వదిలేశారు కదా మేష్టారూ, ఆ పాపం పిడికెడు పిండితో పోయిందా?" అన్నాను.

ఆయన మెడ తిప్పారు. ఎడమ చెవి నా వైపు పెట్టి, వంగి, "ఏమన్నారండీ? వినపడలేదు" అన్నారు.

ఇక్కడ ఆగుతాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నాకు తీసుకునే వీలు దొరికింది. ఆయనకి వినపడలేదు. ఏం లేదండీ అని ఇంకో వచనం ఎత్తుకుంటే సరిపోయేది. మొదటిసారిది నోరు జారడం అనుకోండి, పోనీ. నేను కుర్చీ ఆయన వైపు జరుపుకుని, మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, ప్రతి మాటా విడివిడిగా, మళ్లీ అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

జనం హల్లెలూయా అని చప్పట్లు కొట్టారు. ఆయన తన పుస్తకం మూసి, రబ్బరు బ్యాండు వేశారు. మైకు పక్కకి తప్పించి నాకొక్కడికే వినపడేటట్టు, "ఆ పాపానికి నా దగ్గర పిండి కూడా లేదండీ" అన్నారు. స్టేజీ దిగి వెళ్లిపోయారు. అధ్యక్షుడుగారు నా మెడలో దండ వేశారు.

ఆ వారమంతా ప్రార్థన చేశాను, ప్రభువా నీ రక్తంలో కడుగు అన్నాను. ఆదివారం ప్రభువు బల్లలో చెయ్యి వేశాక మనసు తేలికపడింది. ఇక ఆ విషయం దేవుడికీ నాకూ మధ్య తేలిపోయింది, ఆయన్నెందుకు మధ్యలోకి లాగడం అనుకున్నాను. నా సౌకర్యం కోసం సిలువని వాడుకున్నాను. ఇంతకన్నా గట్టిగా నన్ను నేను తిట్టుకోలేను.

ఆ సభ వీడియో ముక్క ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. పండగ రోజుల్లో ఎవరో ఒకరు నాకే పంపిస్తారు, కింద రెండు చేతులు జోడించిన బొమ్మతో. పంపినవాళ్లకి తీసెయ్యమని చెప్తే ఎందుకండీ, ఎంత బాగుందో అంటారు. అందులో ఆయన మెడ తిప్పడం స్పష్టంగా కనపడుతుంది.

సభ అయిన ఏడే దసరా ముందు ఆయన మా గేటు తీసుకుని వచ్చారు. పోట్లాటకే వచ్చారనుకున్నాను. చెప్పులు మెట్టు కింద వదిలి, టోపీ సర్దుకుని, "ఈ ఏడాదిలో నా వల్ల మీ మనసు నొచ్చుకుని ఉంటే క్షమించండి" అన్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, గబగబా అయ్యో, మీవల్ల నాకేం కష్టమండీ అన్నాను. ఆయన వెంటనే వెళ్లలేదు. మెడ తిప్పి, ఎడమ చెవి నా వైపు పెట్టి, కాసేపు అలా నిలబడ్డారు. తర్వాత మజ్జిగ తాగి, వస్తానండీ అని వెళ్లిపోయారు.

అది మొదలు. ఏటా అదే మెట్టు, అదే మాట, అదే చెవి. కూర్చోమంటే కూర్చోరు. చల్లకొచ్చి ముంత దాస్తున్నారని మా ఆవిడకి రెండో ఏడే అనుమానం వచ్చింది. ఈయన ఊరికే రావట్లేదు, మీ నోటి నుంచి ఏదో వినడానికి వస్తున్నారు అనేది. నేను కసురుకునేవాణ్ణి. ఒక ఏడు నిజంగా నోటిదాకా వచ్చింది. ఆయన జుట్టు అప్పటికి పూర్తిగా నెరిసిపోయింది, బస్సు కుదుపులకి నడుం పట్టేసి గోడ పట్టుకున్నారు. చెప్పేద్దామనుకున్నాను. ఈసారి వానలెలా ఉన్నాయండీ మీవైపు అన్నాను. బాగున్నాయండీ అన్నారు.

పోయారని తెలిశాక నేనూ మా ఆవిడా వాళ్ల ఊరెళ్లాం. అక్కయ్యగారు, అదే మేష్టారి భార్య, వసారాలో బియ్యం ఏరుతున్నారు. ఆవిడ నన్ను తమ్ముడూ అనే పిలుస్తారు, క్లాసు రోజుల నుంచీ. నేను కూర్చోలేక నిలబడే, అక్కయ్యగారూ, ఆ రోజు సభలో నేను, అని మొదలుపెట్టాను. తెలుసు తమ్ముడూ అన్నారు. చేట పక్కన పెట్టలేదు.

ఆ సభ నుంచి వచ్చాక ఆయన ఇంట్లో చెల్లెలి పేరు ఎత్తడం మానేశారట. అంతకు ముందు రోజూ దీపం పెట్టే వేళ ఆ పేరు చెప్పేవారట. పలకలు మాత్రం కొంటూనే ఉన్నారట గానీ పేరు లేదు. పద్దెనిమిదేళ్లు ఆ ఇంట్లో ఆ పిల్ల పేరు వినపడలేదు. ఉప్పెన తీసుకుపోగా మిగిలింది ఆ పేరొక్కటే. అది నేను తీసుకుపోయాను.

మరి మా ఇంటికెందుకు వచ్చేవారు అని అడిగాను. ఆవిడ బియ్యంలో రాయి ఏరి పారేసి చెప్పారు. ఆ ఉపవాసం రోజు, అదే ప్రాయశ్చిత్త దినం, వచ్చినా దేవుడు తనకి చేసిన తప్పులే క్షమిస్తాడట. మనిషికి చేసిన తప్పు ఆ మనిషే క్షమించాలి, మేకని కోసినా పిండి కాల్చినా లాభం లేదు. పూర్వం యూదుల పెద్దల్లో ఒకాయన ఉండేవారట. తనకి ఎవరైనా తప్పు చేస్తే కోపంతో ఇంట్లో కూర్చోకుండా, ఆ మనిషి ఎదురుగా పనికట్టుకుని అటూ ఇటూ తిరిగేవారట, పాపం అతనికి అడగడానికి వీలు దొరకాలని.

"క్షమించమని అడగడానికి ఊళ్లో అందరిళ్లకీ వెళ్లేవారు తమ్ముడూ. మీ ఇంటికి మాత్రం ఆయన కోసం కాదు, నీ కోసం వచ్చేవారు. తిరిగొచ్చాక అడిగాడా అనేదాన్ని. లేదు, వచ్చే ఏడు చూద్దాం అనేవారు."

మా ఆవిడ నా వైపు చూడలేదు. మా ప్రభువు కూడా ఇదే చెప్పాడు కదా. బలిపీఠం దగ్గర ఉండగా నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఫిర్యాదు ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి, ముందు అతని దగ్గరికి వెళ్లి సమాధానపడమన్నాడు. దాని మీద నేను చేసిన ప్రసంగాలు వేళ్ల మీద లెక్కపెట్టలేను. బలి గురించీ మెస్సీయ గురించీ గురుశిష్యులం ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాం. ఈ ఒక్క మాట దగ్గర ఇద్దరి పుస్తకాలూ ఒకటే చెప్తున్నాయి, ఆయన అది చేశారు, నేను చెయ్యలేదు.

ఇప్పుడేమైనా దారి ఉందా అక్కయ్యా అని అడిగాను. ఉందట. చనిపోయినవాళ్ల సమాధి దగ్గరికి పదిమందిని తీసుకెళ్లి, వాళ్ల ముందు, దేవుడికీ ఈ మనిషికీ తప్పు చేశానని పైకి చెప్పాలట.

పదిమంది కోసం తిరిగాను. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లయితేనే న్యాయమనుకున్నాను. ఒక్కరికి ఒక్క ముక్కలో చెప్పాల్సింది, ఇంటింటికీ వెళ్లి మొదట్నుంచీ చెప్పుకున్నాను. ఇద్దరు రామన్నారు. సిలువ ఉండగా సమాధి దగ్గర క్షమాపణేంటి, సువార్తకి తలవంపులు తెస్తున్నావు అన్నారు. దండ వేసిన అధ్యక్షుడుగారికి ఎనభై దాటాయి, అంతా విని, ఆ మాట నువ్వు రెండుసార్లు అన్నావు, నేను రెండుసార్లూ విన్నాను, వస్తాను పద అన్నారు. మొత్తానికి తొమ్మిదిమంది అయ్యారు. పదోమనిషి దొరకలేదు. అక్కయ్యగారు తను వస్తానన్నారు. ఆడవాళ్లని లెక్కేస్తారా అని అడిగాను. మా ఊళ్లో ప్రార్థనకి కావలసిన పదిమంది మగాళ్లు ఏనాడు దొరికారు కనక, మమ్మల్ని కలుపుకునే ప్రార్థన చేసుకునేవారు అన్నారు.

శనివారం వద్దని సోమవారం వెళ్లాం. కాలవ గట్టు పక్కన ఆ ఐదారు కుటుంబాలకీ కలిపి కాస్త జాగా ఉంది. ఇంకా రాయి వెయ్యలేదు. మట్టి కుంగి, మీద గరిక మొలిచింది. అందరూ చుట్టూ నిలబడ్డారు. నేను కాలవ వైపు నిలబడి, అలవాటు చొప్పున ప్రియులారా అనబోయి నోరు మూసుకున్నాను. మైకు లేకుండా నా గొంతు ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది.

"మేష్టారూ, దేవుడికీ మీకూ తప్పు చేశాను. చెల్లెలి చెయ్యి జారడం పాపం కాదు. దాన్ని పాపమన్నది నేను. నన్ను క్షమించండి" అన్నాను. అధ్యక్షుడుగారు అలవాటుగా ఆమేన్ అని, ఎవరూ కలవకపోయేసరికి తల దించుకున్నారు. అయిపోయిందనుకుని నేను కళ్లు తుడుచుకుంటున్నాను.

అక్కయ్యగారు వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు. "అటు కాదు తమ్ముడూ. ఆ పక్క ఆయనకి వినపడదుగా. ఇటొచ్చి చెప్పు" అన్నారు.

ఆయన తల పడమటికి పెట్టారు. నేను నిలబడ్డ కాలవ వైపు ఆయనకి కుడి పక్క. సమాధి చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వచ్చి, గరికలో మోకాళ్ల మీద కూర్చుని, వంగి, మళ్లీ మొదట్నుంచీ చెప్పాను.